సావిత్రి అనకండి, సిరంజి కడగండి

ఈ మధ్య నన్నెవరైనా సావిత్రి అంటే చాలు ఒళ్ళు మండిపోతోంది. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, పెద్దవాళ్ళు, ప్రేమకొద్దీ అంటారు. మా ఆయన మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఓ అరగంట కూర్చుని, లేచేముందు నా చెయ్యి పట్టుకుని "నువ్వు కాబట్టి నెట్టుకొస్తున్నావమ్మా, సావిత్రివే" అని కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోతారు. టీ తాగిన గ్లాసు మాత్రం కుర్చీ కిందే ఉంటుంది. అసలు సావిత్రికి పడ్డ పనేంటి చెప్పండి, యముడి వెనకాల కొంత దూరం నడవడం, తెలివిగా వరాలు అడగడం, అంతేగా. ఆవిడకి మొగుడి ముక్కులో గొట్టం లేదు, మిక్సీ జార్ కడిగే పని లేదు, మర్నాడు పొద్దున్నే ఏడో క్లాసు పిల్లలకి లెక్కలు చెప్పడానికి బస్సెక్కే పనీ లేదు. నాకు యముడు ఎక్కడా కనపళ్ళేదండీ, కనపడిందల్లా పనే.

మా ఆయనకి వచ్చింది నోటి కేన్సర్, ఎడమ బుగ్గ లోపలి వైపు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఏంటో నాకు నిద్రలో కూడా తెలుసు, "గుట్కా అలవాటుందా?" లేదు. సిగరెట్ లేదు, ఖైనీ లేదు. ఉన్నదల్లా వక్కపొడి, షాపులో కౌంటర్ దగ్గర కూర్చుని రోజంతా నోట్లో వేసుకునేవారు, మా మావయ్యగారికీ అదే అలవాటు, పెళ్ళి భోజనాల్లో తమలపాకుల పక్కన పళ్ళెంలో పెట్టి మరీ ఇస్తాం కదా, దానికి ఎవరు భయపడతారు. పొగాకు కలపని ఉత్త వక్క కూడా కేన్సర్ తెచ్చేదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే కేన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చి చెప్పిందని మాకు ఆపరేషన్ అయ్యాక తెలిసింది. సరే అదంతా వేరే కథ. కానీ గుట్కా ప్రశ్న అడిగేవాళ్ళకి నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది, "అవును తినేవారు" అంటే వాళ్ళ మొహంలో ఒక నిశ్చింత కనిపిస్తుంది, అమ్మయ్య మాకు రాదులే అని. "లేదండీ" అంటే కాస్త ఇబ్బందిగా కదులుతారు.

నేను రాద్దామనుకున్నది ఏంటంటే, కేన్సర్ ట్రీట్‌మెంట్ ఆస్పత్రిలో జరుగుతుందని అందరూ అనుకుంటారు, అది పావు వంతు నిజం. రేడియేషన్ తీసుకోండి, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, ఆరు వారాలు, 30 సిట్టింగులు అని రాసిచ్చారు మాకు. మొహానికి అచ్చు పోసినట్టుండే వలలాంటి మాస్కు ఒకటి వేసి టేబుల్‌కి బిగిస్తారు, మెషీన్ మీద ఉండేది గట్టిగా చూస్తే పది పదిహేను నిమిషాలు. ఆ తర్వాత "ఇంట్లో జాగ్రత్తగా చూసుకోండి" అంటారు. ఆ ఒక్క వాక్యంలో మిగిలిన ఇరవై మూడు గంటల చిల్లర మొత్తం ఇమిడిపోతుంది. నోట్లో పుళ్ళు చూసుకోండి, బరువు తగ్గకుండా చూసుకోండి, జ్వరం 100.4 దాటితే వెంటనే తీసుకొచ్చెయ్యండి, నీళ్ళు తగ్గకుండా చూసుకోండి, వారానికోసారి ఎక్కించే కీమో కిడ్నీల మీద పడుతుంది కాబట్టి క్రియాటినిన్ టెస్టు చేయించి రిపోర్టు తెచ్చుకోండి. ఈ "చూసుకోండి"కి కర్త ఎవరో డిశ్చార్జి కాగితంలో రాయరు, రాయక్కర్లేదు కూడా, పేషెంటు మగవాడైతే ఎవరికి చెప్తున్నారో అందరికీ తెలుసు.

గొట్టం సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే పరామర్శకి వచ్చినవాళ్ళెవరూ ఆ టైములో గదిలో ఉండరు, "మీరు కానివ్వండమ్మా" అని హాల్లోకి వెళ్ళిపోతారు. రైల్స్ ట్యూబ్ అంటారు దాన్ని, నోటితో తినలేనివాళ్ళకి వేస్తారు, ముక్కులోంచి గొంతు మీదుగా కడుపులోకి వెళ్తుంది, బయటి కొసని ముక్కు దగ్గర ప్లాస్టర్‌తో అంటిస్తారు. ముందు మనిషిని కూర్చోబెట్టాలి, పడుకుని ఉండగా పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. ట్యూబు మీద గుర్తు ముక్కు దగ్గర ఎక్కడుండాలో అక్కడే ఉందా, జరిగిందా చూడాలి. సిరంజితో కొంచెం వెనక్కి లాగి కడుపులోది వస్తోందో లేదో చూడాలి. అప్పుడు ట్యూబుని మడిచి పట్టుకుని, యాభై మిల్లీల పెద్ద సిరంజి వెనక పుల్ల తీసేసి, ఉత్త గొట్టాన్ని ట్యూబుకి పెట్టి ఎత్తి పట్టుకుని జావ పోస్తే దానంతట అదే దిగాలి, తోసెయ్యకూడదు. ఒక్కోసారికి రెండొందలు, రెండొందల యాభై మిల్లీలు. అయ్యాక మంచినీళ్ళు పోసి ట్యూబు కడగాలి, మూత పెట్టాలి, అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. ఇది రెండు గంటలకోసారి, పొద్దున ఆరింటి నుంచి రాత్రి పది దాకా. చెయ్యి నొప్పెట్టి కొంచెం కిందకి దించామా ఆగిపోతుంది, పైకెత్తితే గబగబా దిగి ఆయనకి కడుపు ఉబ్బరం. ఆ ఎత్తు మనకి మనమే చేత్తో తెలుసుకోవాలి.

ఇక పొయ్యాల్సింది తయారు చెయ్యడం ఇంకో ఉద్యోగం. రాగిజావ ఉండకట్టకూడదు, పప్పు మెత్తగా ఉడికించి మిక్సీ వేసి పల్చన చేసి వడకట్టాలి, ఉడికించిన గుడ్డు పాలల్లో వేసి తిప్పాలి, అన్నం గంజితో కలిపి రుబ్బాలి, ఏది చేసినా సన్న జల్లెడలో ఒకసారి, పల్చటి గుడ్డలో ఒకసారి వడకట్టాల్సిందే, మిరియపు గింజ ముక్క ఒక్కటి అడ్డం పడితే చాలు. ఓ రాత్రి అలాగే ట్యూబు మూసుకుపోయింది, మాత్ర పొడి సరిగ్గా నలగలేదో ఏమో, జావ సిరంజిలో అలాగే నిలబడిపోయింది. గోరువెచ్చని నీళ్ళు చిన్న సిరంజితో కొంచెం కొంచెం పంపడం, లాగడం, మళ్ళీ పంపడం, ట్యూబుని వేళ్ళతో మెల్లిగా నలపడం. మా అమ్మాయి టార్చి పట్టుకుని నిలబడింది, ఇంటర్ పిల్ల, మర్నాడు దానికి ప్రాక్టికల్స్. చివరికి బొడుగ్గుమని నీళ్ళు దిగాయి. మా ఆయన పుస్తకంలో రాసి చూపించారు (ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు మాట స్పష్టంగా వచ్చేది కాదు, అన్నీ రాసేవారు), "మున్సిపాలిటీ వాళ్ళ కంటే నువ్వే నయం" అని. ఆ టైములో నవ్వొచ్చింది, ఏం చేస్తాం.

ఇప్పుడు చెప్పండి, ఇందులో సతీధర్మం ఎక్కడుంది? ఇది చేతి పని. రెండు మూడు రోజులు నేర్చుకుంటే ఎవరికైనా వచ్చేస్తుంది, మగవాళ్ళ చేతికి కూడా వస్తుంది, దానికి తాళి కట్టించుకుని ఉండాల్సిన అవసరమేం లేదు. మరి ఇంటినిండా మనుషులున్నా అందరూ దాన్ని నా ఒక్కదాని పనే అని ఎందుకనుకున్నారు? ఎందుకంటే పొగిడేశారు కాబట్టి. నేను గమనించింది ఇదే, మన ఇళ్ళల్లో ఎవర్నైనా దేవతని చేశారంటే ఆ మనిషికి ఇక సాయం చెయ్యక్కర్లేదని అర్థం. దేవతకి దణ్ణం పెడితే చాలు, గిన్నెలు తోమి పెట్టక్కర్లేదు. అదే మొగుడు పెళ్ళానికి రెండు పూటలు ఇడ్లీ వండి పెడితే చుట్టాలందరూ ఫోన్లు చేసి చెప్పుకుంటారు, "ఎంత అదృష్టవంతురాలో" అని, జబ్బు వచ్చింది ఆవిడకి, అదృష్టం కూడా ఆవిడదే! మా కాలనీలోనే ఒకావిడకి బ్రెస్ట్ కేన్సర్, కీమో ఎక్కించుకుని వచ్చిన మూడో రోజు పోపు వాసన పడక వాంతి చేసుకుంటూనే పిల్లల బాక్సులు సర్దింది, ఆవిణ్ణి ఎవరూ ఏ పేరూ పెట్టి పిలవలేదు.

పరామర్శల గురించి రాయకపోతే ఈ పోస్టు పూర్తవ్వదు. మనకి చావుకైనా జబ్బుకైనా మనిషి వెళ్ళి కనపడాలి, లేకపోతే మాటొస్తుంది. కీమో నడుస్తున్నప్పుడు తెల్లకణాలు పడిపోతాయి, జలుబుతో వచ్చిన మనిషి మంచం పక్కన కూర్చుని తుమ్మితే మాకది వారం రోజుల భయం, కానీ ఖమ్మం నుంచి బస్సు దిగి వచ్చిన పెద్దమ్మకి "మాస్కు పెట్టుకో పెద్దమ్మా" అని చెప్పడం కంటే జావ వడకట్టడమే తేలిక. వచ్చినవాళ్ళు బత్తాయిలు తెస్తారు, నోరంతా పుళ్ళున్న మనిషికి పుల్లటి పళ్ళు. సలహాలు సరే సరి, ఒకరు గోమూత్రం, ఒకరు చక్కెర పూర్తిగా మానిపించమని, ఒకరు కాలిన మెడకి పసుపూ కొబ్బరినూనె రాయమని. రేడియేషన్ పడే చోట నూనె రాయకూడదు, పసుపు రాయకూడదు, బ్లేడుతో గీయకూడదు అని అక్కడ టెక్నీషియన్ మొదటిరోజే చెప్పాడు, బరువు తగ్గకూడదని డైటీషియన్ నెత్తీనోరూ బాదుకుంటోంది, ఇక్కడ వీళ్ళు చక్కెర మానిపించమంటారు. వీళ్ళందరికీ వరసపెట్టి "అలాగేనండీ" అనడం కూడా నా పనే, దానికీ ఓపిక కావాలి కదా.

డబ్బు సంగతికొస్తే, ఆరోగ్యశ్రీ లేకపోతే మేము మునిగిపోయేవాళ్ళం, అది ఒప్పుకోవాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి 10 లక్షలదాకా చేశారు. ఆపరేషన్, రేడియేషన్ అన్నీ దాంట్లోనే అయ్యాయి. కానీ అది లెక్కపెట్టేది ఆస్పత్రి గోడల లోపలి ఖర్చునే. రోజూ వెళ్ళొచ్చే ఆటో, సిరంజిలు, ప్రోటీన్ పొడి డబ్బాలు, ముఖ్యంగా నా జీతంలో కోసిన లాస్ ఆఫ్ పే, ఇవి ఏ ప్యాకేజీలోనూ ఉండవు. ఉద్యోగం చేసి ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి కేన్సర్ లాంటి పెద్ద జబ్బులొస్తే మామూలు సెలవులు అయిపోయాక కూడా రెండేళ్ళదాకా జీతంలో 80 శాతం చొప్పున ఇచ్చే పద్ధతి ఉంది, మంచిదే. మరి ఆ మనిషిని చూసుకోడానికి ఉద్యోగం ఆపుకునే మనిషికి? ఏమీ లేదు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌కి ఎవరిస్తారు సెలవు, "మేడమ్ మీ పరిస్థితి అర్థమవుతోంది కానీ పరీక్షలు దగ్గరకొచ్చాయి కదా" అంటారు, వాళ్ళ తప్పూ కాదు, అలాంటి సెలవు ఒకటుండాలని చట్టంలోనే ఎవరికీ తట్టలేదు. నాకు తెలిసి తోడొచ్చే మనిషిని కూడా మనిషిగా లెక్కపెట్టింది రైల్వేవాళ్ళు, ట్రీట్‌మెంట్‌కి వెళ్ళే కేన్సర్ పేషెంటుకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం తగ్గింపు. పేషెంటు ఒక్కడూ రాలేడు, ఇంకో మనిషి పని మానుకుని రావాలి అన్న ఇంగితం ఒక టికెట్ ఫారంలో ఉంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రికి జిల్లాల నుంచి వచ్చేవాళ్ళని తల్చుకోండి, ఆరు వారాల రేడియేషన్ అంటే పేషెంటుతోపాటు ఇంకో మనిషి కూడా ఆరు వారాలు కూలి మానుకుని ఈ ఊళ్ళో ఉండాలి. ఆ కూలి ఎవరి ఖాతాలో రాయాలి?

ఇంకో సంగతి, ఇది ముందే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. రేడియేషన్ ఆఖరి సిట్టింగ్ అయిన రోజు అందరూ ఫోన్లు చేసి "హమ్మయ్య అయిపోయింది" అన్నారు, స్వీట్లు కూడా వచ్చాయి (ఎవరు తింటారో మరి). రేడియేషన్ దెబ్బ ఆపగానే ఆగదు, ఆ తర్వాత ఒకటి రెండు వారాలే అన్నిటికంటే కష్టం. పుళ్ళు ఎక్కువవుతాయి, మెడ చర్మం నల్లబడి పొరలు లేస్తుంది, నోట్లో ఉమ్ము జిగురులా చిక్కబడి మింగలేక ఉయ్యలేక రాత్రంతా కూర్చునే ఉంటారు, ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్ళతో గంటకోసారి పుక్కిలింత. సరిగ్గా అప్పుడే చుట్టాలు రావడం ఆగిపోయింది, స్కూలు నుంచి "ఇక రావచ్చు కదా" అని ఫోనొచ్చింది, ఆస్పత్రికి రోజూ వెళ్ళే పని లేదు కాబట్టి దారిలో కనీసం అడిగే నర్సు కూడా లేదు. ఎవరైనా సాయం చెయ్యాలనుకుంటే ఆ రెండు వారాలు దాచుకోండి, మొదటివారం కాదు.

నామీద వచ్చే మాట నాకు తెలుసు. "నీ మొగుడే కదమ్మా, నువ్వు కాకపోతే ఎవరు చేస్తారు, దానికింత లెక్కలేంటి." నా మొగుడే. ప్రేమ లేక ఈ లెక్కలు రాయట్లేదు. ప్రేమ ఉన్నచోట కూడా నిద్ర చాలకపోతే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే మందు డోసు తప్పుతుంది, దానికి ప్రేమ ఏం అడ్డంపడుతుంది? పైగా పేషెంటు వైపు నుంచి ఎవరూ ఆలోచించరు. మా ఆయన ఒకరోజు పుస్తకంలో రాశారు, "నీకు ఋణపడి బతకడం బరువుగా ఉంది, వాడిచేత కూడా చేయించు" అని. వాడంటే మా మరిది. ఒక మనిషి రాత్రీ పగలూ ఒక్కళ్ళ చేతిమీదే ఆధారపడితే ఆ మనిషికి కోప్పడే స్వేచ్ఛ కూడా పోతుంది. మా ఇద్దరికీ పెళ్ళైనప్పట్నుంచీ ఫ్యాన్ స్పీడు దగ్గర గొడవ, ఆ నెలల్లో ఆయన ఒక్కసారి కూడా ఫ్యాన్ గురించి మాట్లాడలేదు, నాకదే భయమేసింది.

మరిది విషయానికొస్తే, ఆయన మంచివాడు, ప్రతి ఆదివారం వచ్చేవాడు, అన్న పక్కన కూర్చుని ఫోన్లో క్రికెట్ చూపించేవాడు, వెళ్ళేటప్పుడు "వదినా, ఏదైనా అవసరమైతే చెప్పండి" అనేవాడు. ఈ "ఏదైనా అవసరమైతే చెప్పండి" అనే మాటకి జవాబు "ఏం లేదులే" అని మనందరికీ చిన్నప్పట్నుంచి అలవాటు. ఆ ఆదివారం నేను మామూలు జవాబు చెప్పలేదు, "ఉంది, రెండింటి ఫీడ్ నువ్వు పొయ్యాలి, రా చూపిస్తా" అన్నా. మా అత్తయ్య వంటింట్లోంచి "వాడికేం తెలుసే, మగపిల్లాడు" అంది. ఆ మగపిల్లాడికి నలభై ఒకటి, ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు, త్రీఫేజ్ లైన్లు లాగుతాడు. మొదట సిరంజి పట్టుకున్నప్పుడు చెయ్యి వణికింది, రెండోసారికి నాకంటే నిలకడగా పట్టుకున్నాడు, మూడో ఆదివారానికి నాకే సలహా చెప్పాడు, కిటికీ గ్రిల్‌కి మేకు కొట్టి సిరంజి తగిలించడానికి క్లిప్పు పెడదాం వదినా, చెయ్యి నొప్పెట్టదు అని. పెట్టాడు. ఇన్నాళ్ళూ నేను చేతులు మార్చుకుంటూ పట్టుకున్నా, మా ఇంట్లో ఉన్న ఆడవాళ్ళం ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. పనిచేసే మనిషి మారితే ఇదిగో ఇలాంటివి జరుగుతాయి. ఆ తర్వాత వాట్సాప్‌లో గ్రూపు పెట్టి ఎవరేరోజు ఏం చెయ్యాలో రాసేశా, పరామర్శకి వస్తామన్నవాళ్ళకి కూడా. బాబాయ్‌కి గురువారం ల్యాబ్ రిపోర్టు తేవడం, పక్కింటి ఆంటీకి మా అమ్మాయి బాక్సు, ఏలూరు వదినకి (దూరం కదా) ఆరోగ్యశ్రీ కాగితాల ఫోన్లు. కొంతమందికి కోపం వచ్చింది, "చూడ్డానికొస్తే పని చెప్తోంది" అన్నారట. రావడం మానేశారు. టీ గ్లాసులు తగ్గాయి.

ఇదంతా ఒక ఇంటి తెలివితేటల మీద వదిలెయ్యాల్సిన విషయం కాదు. కేరళలో పల్లెటూళ్ళల్లో వాలంటీర్లు ఇళ్ళకి వెళ్ళి మంచంపట్టినవాళ్ళని చూసే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది, 2008లో వాళ్ళ ప్రభుత్వం దాన్ని పాలసీగానే పెట్టింది, పంచాయతీ స్థాయిలో నర్సు వచ్చి ట్యూబులూ పుళ్ళూ చూసి వెళ్తుంది. అంత కాకపోయినా, డిశ్చార్జి రోజు హడావిడిగా పది నిమిషాల్లో చూపించేసే బదులు, పాపం ఆ నర్సు పిల్లకి ఇంకో వార్డు నిండా పేషెంట్లు, ఆపరేషన్‌కి ముందే ఇంటినుంచి ఇద్దర్ని రమ్మని, అందులో ఒకరు మగవాళ్ళు కావాలని రూలు పెట్టి, వాళ్ళ చేత నాలుగుసార్లు చేయించి పంపొచ్చు కదా. ఖర్చేముంది దానికి? మా ఫైలు మీద "అటెండర్" (పేషెంటుకి తోడుండే మనిషి) అని ఒక గీత ఉంటుంది, దాని పక్కన ఒకే పేరుకి చోటు. ఇంకో గీత గీయమంటున్నా, అంతే.

ట్యూబు తీసేశారు. నోరు ఇంకా పూర్తిగా తెరుచుకోదు, ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ళమధ్య పెట్టుకుని ఎక్సర్‌సైజ్ చేస్తున్నారు, వారానికో పుల్ల కలిపితే గొప్ప. మెత్తగా పిసికిన పెరుగన్నం తింటున్నారు, రుచి సగమే తెలుస్తోందట, అయినా ఉప్పు ఎక్కువైందని మాత్రం తెలుస్తుంది. ఫ్యాన్ గొడవ మళ్ళీ మొదలైంది. వచ్చే నెల చెకప్‌కి మరిది తీసుకెళ్తున్నాడు, ఆ రోజు నాకు యూనిట్ టెస్టు పేపర్లున్నాయి.